పెళ్లికి ఆరు నెలలుంది, వయసు తగ్గి కనిపించేదెలా?

ప్రశ్న: నా వయసు 53. మాది నరసరావుపేట. వచ్చే మాఘంలో అమ్మాయి పెళ్లి. మొన్న గుంటూరు బస్సులో ఒక కాలేజీ పిల్ల లేచి "మామ్మగారూ, మీరు కూర్చోండి" అంది. అప్పటి నుంచి అద్దం చూసుకోవాలంటేనే దిగులు. మా తోటికోడలు నాకన్నా రెండేళ్లు పెద్దది, కానీ పక్కన నిలబడితే నేనే పెద్దదాన్ని అనుకుంటారు. నాకు నెలసరి ఆగి రెండేళ్లయింది. ఆ తర్వాతే పొట్ట పెరిగింది, ముఖం వాడింది, జుట్టు పలచబడింది. మెడ మీద, కణతల దగ్గర నలుపు వచ్చింది. మోకాళ్ల నొప్పులకు ఎవరో చెబితే పక్క ఊరి నుంచి పొడి తెప్పించుకుని వాడుతున్నాను, తగ్గినట్టే ఉంది. గ్లూటాథయోన్ డ్రిప్పులు ఎక్కించుకుంటే పదేళ్లు తగ్గుతానని పార్లర్ వాళ్లు అంటే అడ్వాన్స్ కూడా ఇచ్చాను. అమ్మాయి కొలాజెన్ పొడి తాగమంటోంది. మా వారేమో "ఈ వయసులో సోకులెందుకు" అంటారు. గుడ్డు తింటాను, మాంసం తినను. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, నరసరావుపేట

జవాబు:

అమ్మా,

కూతురి పెళ్లిలో తల్లి కళకళలాడుతూ తిరగాలనుకుంటే అది సోకు ఎలా అవుతుంది? మీ వారి మాట అక్కడితో వదిలేయండి. మీ ఉత్తరంలో నాకు గుబులు పుట్టించిన సంగతి ఇంకొకటి ఉంది, ముందు దాని గురించి చెబుతాను. మోకాళ్లకు వాడుతున్న ఆ పొడి.

పేరూ లేబులూ లేకుండా పొట్లాల్లో అమ్మే కీళ్లనొప్పుల మందుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండటం మన ఊళ్లలో ప్రాక్టీసు చేసే డాక్టర్లకు కొత్త సంగతి కాదు. అన్నిట్లోనూ ఉంటుందని అనను. ఉంటే మాత్రం వారం తిరక్కుండా నొప్పి తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది, బుగ్గలు నిండి ముఖం గుండ్రంగా తయారవుతుంది. చూసినవాళ్లు "కాస్త ఒళ్లు చేశావు, ఇప్పుడు బాగున్నావు" అంటారు. నెలలు గడిచేకొద్దీ పొట్ట ముందుకొస్తుంది, కాళ్లూ చేతులూ సన్నబడతాయి, చర్మం పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోతుంది, షుగరూ బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. వయసు తగ్గాలని తాపత్రయపడే మనిషి పొరపాటున కూడా ముట్టుకోకూడని మందు ఇది.

అలాగని ఈ ఉత్తరం చదివి రేపు పొద్దున్నే పొడి మానేయకండి. కొన్ని వారాలకు మించి వాడి ఉంటే, ఒంట్లో సహజంగా తయారవ్వాల్సిన స్టెరాయిడ్ తయారీ మందగించి ఉంటుంది. ఉన్నట్టుండి ఆపితే విపరీతమైన నీరసం, వాంతులు వస్తాయి, బీపీ పడిపోతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి కూడా వస్తుంది. పొట్లం చేత్తో పట్టుకుని ఈ వారంలోనే ఒక జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. ఎంతకాలంగా వాడుతున్నారో దాచకుండా చెప్పండి. అవసరమైతే కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తారు.

ఇక గ్లూటాథయోన్ డ్రిప్పు, అంటే చర్మం తెల్లబడటానికని నరంలోకి ఎక్కించే మందు. చర్మం తెల్లబడటానికి ఎక్కించే ఇంజెక్షన్ వేటికీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లేదు. ఇలాంటి డ్రిప్పులు బాగా వాడకంలో ఉన్న ఫిలిప్పీన్స్‌లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థే లివర్, కిడ్నీలు, నరాల మీద విషప్రభావం ఉండవచ్చని జనాన్ని హెచ్చరించింది. పైగా మీకు సూది పెట్టబోయేది పార్లర్‌లో. నరంలోకి మందు వెళ్తుండగా రియాక్షన్ వచ్చి ఊపిరి ఆడకపోతే అక్కడ ఎవరేం చేస్తారు? అయినా తెల్లబడితే చిన్నవాళ్లమైపోతామని ఎవరు చెప్పారో గానీ, బాగానే అమ్ముకున్నారు. అడ్వాన్స్ తిరిగి అడగండి. ఇవ్వం అంటే ఆ డబ్బుకు పెళ్లినాటి జడ, మేకప్పు, చీరకట్టు చేయించమనండి. ఆ పనుల్లో వాళ్లు సిద్ధహస్తులే.

మెడ నలుపు దగ్గరికి వద్దాం. చర్మం మెత్తగా, మందంగా, ముఖమల్ గుడ్డలా తగులుతుంటే అది మురికి కాదు, ఎండకు నల్లబడిందీ కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. పొట్ట పెరిగినవాళ్లలో, షుగరు రాబోతున్నవాళ్లలో మెడ వెనక, చంకల్లో ఇలా కనిపిస్తుంది. చాలామంది పీచుతోనూ నిమ్మచెక్కతోనూ రుద్దిరుద్ది ఇంకా నల్లగా చేసుకుంటారు. పూతలతో మాత్రమే ఇది పోదు. షుగరు పరీక్ష చేయించుకుని, బరువు తగ్గితే నలుపు మెల్లగా తనే పలచబడుతుంది.

కణతల దగ్గర నలుపుకి నా అనుమానం మీ హెయిర్‌డై మీద. రాయలేదు గానీ వేసుకుంటూనే ఉంటారనుకుంటున్నాను. నల్లరంగు డైలలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. అది పడనివాళ్లలో కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. కొందరికి దురదేమీ లేకుండానే నుదురు అంచు, కణతలు, చెవుల ముందు భాగం బూడిదరంగు కలిసిన నలుపుకి తిరుగుతాయి. మంగు మచ్చలనుకుని ఏళ్ల తరబడి క్రీములు రాస్తూ, నెలనెలా అదే డై వేసుకుంటూ ఉంటారు. హెన్నాకి మారాను కదా అనుకోకండి. నల్లగా పండే హెన్నా పొట్లాల్లో చాలావాటిలో పీపీడీ కలుపుతారు. అసలు గోరింటాకు పండేది ఎర్రగానే. రెండు నెలలు డై ఆపి చూడండి, ఈలోగా చర్మ డాక్టరుకు చూపించండి. పెళ్లికి రంగు తప్పదంటే పీపీడీ లేనిది ఎంచుకుని, వాడబోయే ముందు చెవి వెనక కాస్త రాసి 48 గంటలు ఆగండి. అన్నట్టు, స్టిక్కర్ బొట్టు పెట్టే చోట తెల్లమచ్చ ఏమైనా మొదలైందేమో కూడా చూసుకోండి. కొన్ని బిళ్లల జిగురులోని రసాయనం చర్మం రంగును చంపేస్తుంది. మచ్చ కనబడితే వెంటనే కుంకుమకో తిలకానికో మారిపోవాలి.

ఇప్పుడు అసలు విషయం. బస్సులో ఆ పిల్ల మీ ముఖం మీది ముడతలు లెక్కపెట్టి ఉండదు. కదులుతున్న బస్సులో, అంత జనంలో ఆమెకు కనబడింది మీరు మెట్టెక్కిన తీరు, కడ్డీ పట్టుకుని ఒక కాలి మీద బరువు వేసి నిలబడిన తీరు, భుజాలు ముందుకు వాలిన తీరు. మనం కూడా దూరం నుంచి వచ్చే మనిషి వయసు ముఖం కనబడకముందే నడకను బట్టి పోల్చుకుంటాం. మీ తోటికోడలు చిన్నదానిలా కనిపించడానికి ఆమె చర్మం కారణమా, నిలబడే తీరు కారణమా అన్నది ఈసారి కలిసినప్పుడు గమనించండి.

ఈ తీరు మారడానికి కారణం కండ. ముప్పై దాటాక పదేళ్లకోసారి ఒంట్లోని కండలో 3 నుంచి 8 శాతం దాకా పోతూ ఉంటుంది, అరవై దాటితే ఇంకా వేగంగా పోతుంది. ఆడవాళ్లకు నెలసరి ఆగాక మొదటి కొన్నేళ్లూ ఎముక కూడా గబగబా అరుగుతుంది. చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ అనే ప్రోటీన్ నెలసరి ఆగిన ఐదేళ్లలోనే సుమారు 30 శాతం తగ్గుతుందని అంచనా. ఇన్ని మార్పులు రెండేళ్లలో మీద పడ్డాయి కాబట్టే ఒక్కసారిగా ముసలిదాన్నయ్యానని మీకు అనిపిస్తోంది. వీటిలో కండని మాత్రం ఏ వయసులోనైనా తిరిగి తెచ్చుకోవచ్చు. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో వృద్ధాశ్రమంలో ఉంటున్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. వాళ్ల వయసు 86 నుంచి 96. కాళ్ల బలం సగటున రెండున్నర రెట్లు దాటింది, నడక వేగం దాదాపు సగం పెరిగింది. వాళ్లకన్నా మీరు ముప్పై, నలభై ఏళ్లు చిన్న.

పెళ్లిలో మీ పని ఏమిటో ఒకసారి ఊహించుకోండి. పట్టుచీర కట్టుకుని కన్యాదానానికి పీటల మీద గంటలకొద్దీ కూర్చోవాలి. మధ్యలో నాలుగైదుసార్లు లేవాలి, కూర్చోవాలి, అల్లుడి కాళ్లు కడగాలి. ఫోటోలూ వీడియో నడుస్తుంటాయి. ఇద్దరు చెరో రెక్క పట్టుకుని లేపితే లేచే తల్లికి పార్లర్ వాళ్లు ఎంత మేకప్ వేసినా వీడియోలో వయసు దాగదు. నేలమీది నుంచి లేవడం తేలిక పని కాదు. బ్రెజిల్‌లో 51 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న రెండువేల మందిని నేల మీద కూర్చుని లేవమన్నారు. చెయ్యి, మోకాలు ఆనించకుండా లేచినవాళ్లకు ఎక్కువ మార్కులు. తర్వాతి కొన్నేళ్లలో తక్కువ మార్కుల వాళ్లలోనే మరణాలు ఎక్కువగా నమోదయ్యాయి. ఆ ఫలితాలు 2012లో వచ్చాయి. పీట మీదా, నేల మీదా కూర్చుని భోంచేసినన్నాళ్లూ మనకు ఈ సాధన అడక్కుండానే జరిగిపోయేది. డైనింగ్ టేబులూ సోఫాలూ వచ్చాక పోయింది.

అయితే ఈ రోజే పీట మీద కూర్చోకండి, మీ మోకాళ్లు ఒప్పుకోవు. కుర్చీతో మొదలుపెట్టండి. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేసుకోండి. రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని లేవండి, మెల్లగా కూర్చోండి. ధబేలున కూలబడకూడదు, దిగేటప్పుడే కండకు ఎక్కువ పని. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో ఎవరి చేతనైనా లెక్కపెట్టించి క్యాలెండర్ మీద రాసుకోండి. 60 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లు 12 కన్నా తక్కువసార్లు లేస్తే సగటు కన్నా వెనకబడినట్టు లెక్క. మీరు అంతకన్నా చిన్నవారు కాబట్టి 12 దాటాలి. లేవలేకపోతే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచుకోండి. రోజుకు రెండు మూడు విడతలు, విడతకు ఎనిమిది పదిసార్లు చాలు. తేలికైపోయాక దిండు తీసేయండి. ఆ తర్వాత ఒక నీళ్ల సీసా గుండెలకు హత్తుకుని లేవండి. కార్తీకం నాటికి ఎత్తు పీట, మార్గశిరం నాటికి మామూలు పీట. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, గోడ మీద చేతులు ఆనించి దండీల్లా తొయ్యడం, గట్టు దగ్గరే నిలబడి ఒక కాలి మీద పది సెకన్లు ఆగడం కూడా కలపండి. పాలు పొంగే లోపు ఇవన్నీ అయిపోతాయి.

మోకాలి నొప్పి ఉంటే ఇవి చేయొచ్చా అని అడుగుతారు. అరిగిన మోకాళ్లకు డాక్టర్లు మొదట చెప్పేది తొడ కండరాల వ్యాయామమే. చేసేటప్పుడు కాస్త నొప్పిగా ఉండి మర్నాటికి సర్దుకుంటే కొనసాగించండి. వాపు వస్తే, మోకాలు పట్టేస్తే, మెట్ల మీద జారిపోయినట్టు అవుతుంటే ఆపి ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి. బరువు సంగతి కూడా ఇందులో ఉంది. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నడక ఎటూ ఉండాలి. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగి పాట మాత్రం పాడలేనంత వేగంగా. ఫోన్లో పదివేల అడుగులు పూర్తవలేదని బెంగ పెట్టుకోకండి. ఆ పదివేల లెక్క 1965లో జపాన్‌లో ఒక అడుగుల మీటరు అమ్ముకోవడానికి పెట్టిన పేరులోంచి పుట్టింది. అరవై దాటినవాళ్లకు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల దగ్గరే చాలావరకు లాభం దక్కుతుంది. నడక ఒక్కటే చేసి కుర్చీ వ్యాయామం వదిలేయడం మాత్రం నాకు ఇష్టం లేదు. పార్కుల్లో రోజూ గంట నడిచే పెద్దవాళ్లు బెంచీ మీంచి లేవడానికి చెయ్యి అందించమంటుంటారు, చూసే ఉంటారు.

తిండి విషయంలో మన ఇళ్లలో ఆడవాళ్ల పళ్లెం చూస్తే నాకు దిగులు. అందరూ తిన్నాక మిగిలిన అన్నం, అడుగంటిన కూర, ఊరగాయ, మజ్జిగ. కడుపు నిండుతుంది, కండకు ఏమీ అందదు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. వయసు పైబడుతున్నవాళ్లకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా ఉంటే మంచిదని నిపుణులు చెబుతున్నారు. మీ బరువు 60 కిలోలైతే రోజుకు 60 గ్రాములు అనుకోండి. మూడు ఇడ్లీలకు ఆరు గ్రాములు రావడం కష్టం. పలచటి పప్పుచారు గరిటెడు పోసుకుంటే రెండు మూడు గ్రాములు. రెండు పూటలా అన్నంలోంచి వచ్చేది కలుపుకున్నా మీరు సగం దారిలోనే ఆగిపోతున్నారు.

ఖరీదైనవేం అక్కర్లేదు. పొద్దున రెండు ఉడికించిన గుడ్లు తింటే 12 గ్రాములు. ఇడ్లీ బదులు వారానికి మూడు రోజులు పెసరట్టు. మధ్యాహ్నం చారు కాకుండా చిక్కటి ముద్దపప్పో పాలకూర పప్పో, మనిషికి గుప్పెడు కందిపప్పు పడేలా. సాయంత్రం టీలోకి బిస్కెట్లు మానేసి శనగల గుగ్గిళ్లో, గుప్పెడు వేయించిన వేరుశనగపప్పో. రాత్రికి మీల్ మేకర్ కూర చేసుకుంటే 30 గ్రాముల ఎండు మీల్ మేకర్ నుంచే 15 గ్రాములు వస్తుంది. గ్లాసు పాలు, కప్పు పెరుగు. కార్తీకమాసంలో గుడ్డు మానేసి ఒంటిపూట ఉండే అలవాటు ఉంటే ఆ నెల పాలు, శనగలు, మీల్ మేకర్ పెంచండి, లేకపోతే మూడు నెలలుగా కూడగట్టిన కండ ఆ నెలలో తరుగుతుంది. రాగిజావ మంచిదే, 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మీ ప్రశ్నకు అది అక్కడి వరకే, రాగిజావతో కండ రాదు. ఇక పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తం శక్తిలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. మన భోజనంలో అది ఎంత ఉంటుందో మీకే తెలుసు. కాబట్టి పళ్లెంలో ముందు పప్పు, కూర పెట్టుకోండి, అన్నం తర్వాత.

పెళ్లి దగ్గర పడిందని జ్యూసుల మీద ఉండటం, అన్నం పూర్తిగా మానేసి నూనె తాగడం లాంటివి వద్దు. కొన్నేళ్ల కిందట కొబ్బరినూనె డైట్ ఊరూరా పాకినప్పుడు నెలలో పది కిలోలు తగ్గి వచ్చిన వాళ్ల బుగ్గలు లోపలికి పోయి, మెడ చర్మం వేలాడటం చూశాం. గబగబా తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. నెలకు కిలో, కిలోన్నర తగ్గితే మాఘానికి ఆరు నుంచి తొమ్మిది కిలోలు. ముఖం కళ కూడా నిలుస్తుంది.

కొలాజెన్ పొడి గురించి మీ అమ్మాయికి ఇలా చెప్పండి: అది కూడా ఒక ప్రోటీనే, కడుపులోకి వెళ్లాక పప్పు, గుడ్డు ఎలా అరుగుతాయో అలాగే అరుగుతుంది. చర్మంలో తేమ కాస్త పెరిగిందని చెప్పే పరిశోధనలు కొన్ని ఉన్నాయి, వాటిలో చాలావాటికి డబ్బు పెట్టింది అమ్మే కంపెనీలే. ఇంకో సంగతి, మాంసం తినను అన్నారు కదా. కొలాజెన్ చేప చర్మం నుంచో పశువుల తోలు, ఎముకల నుంచో తీస్తారు. మొక్కల్లో కొలాజెన్ ఉండదు.

చర్మానికి నేను డబ్బు ఖర్చు పెట్టమనేది సన్‌స్క్రీన్ మీద. 2012లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో 28 ఏళ్లు ట్రక్కు నడిపిన డ్రైవరు ఫోటో వచ్చింది. వయసు 69. కిటికీ వైపు ఉన్న ఎడమ చెంప ముడతలు పడి, మడతలు మడతలుగా వేలాడుతోంది. కుడి చెంప ఎన్నో ఏళ్లు చిన్నగా ఉంది. ఒకే ముఖం, ఒకే తిండి, ఒకే వయసు. అద్దంలోంచి వచ్చిన ఎండ తేడా అంతే. ఆస్ట్రేలియాలో నాంబర్ అనే ఊళ్లో తొమ్మిదివందల మందికి పైగా పెద్దవాళ్ల మీద నాలుగున్నరేళ్లు సాగిన అధ్యయనంలో, రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్ల చర్మం ఇష్టమైనప్పుడు రాసుకున్నవాళ్ల కన్నా 24 శాతం తక్కువగా ముదిరింది. మీ పల్నాడు ఎండలకు ఇది ఇంకా అవసరం. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 లేదా ఆపైది చూసి కొనండి. చూపుడు వేలు, మధ్య వేలు పొడుగునా రెండు చారలు తీసి ముఖానికీ మెడకూ పట్టించండి. బఠాణీ గింజంత రాసుకుంటే రాయనట్టే. ఎండలో తిరిగే రోజు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. గొడుగు ఉంటే ఇంకా మంచిది, అది ఎప్పుడూ చెమటకు కారిపోదు.

రాత్రిపూట క్రీముల్లో ముడతల మీద పనిచేస్తుందని గట్టిగా చెప్పగలిగింది ట్రెటినాయిన్. చర్మ డాక్టరు రాస్తేనే వాడాలి. దానికి మాత్రం బఠాణీ గింజంత చాలు, మొదట్లో వారానికి రెండు రాత్రులే. మొదటి వారాల్లో పొట్టు లేస్తుంది, ఎర్రబడుతుంది, ఫలితం కనబడటానికి నాలుగైదు నెలలు పడుతుంది. అందుకే మొదలుపెడితే ఇప్పుడే మొదలుపెట్టాలి, పెళ్లికి నెల ముందు కాదు. శనగపిండి, పసుపు, మీగడ రాసుకుంటే నష్టమేమీ లేదు, హాయిగా ఉంటుంది. నిమ్మరసం మాత్రం ముఖానికి రాసుకుని ఎండలోకి వెళ్తే కాలి మచ్చలు పడతాయి.

మెడికల్ షాపుల్లో "ఇది రాయండమ్మా, వారంలో తేలిపోతారు" అంటూ ఇచ్చే ట్యూబులు దగ్గరికి రానివ్వకండి. చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వారంలో ముఖం నిజంగానే తేలుతుంది, ఆ తర్వాత రాయకపోతే మంట, రాస్తే సన్నటి ఎర్రనరాలు, వెంట్రుకలు, మొటిమలు. లేబుల్ లేని ఫెయిర్‌నెస్ క్రీములు ఇంకా ఘోరం. కేరళలోని మలప్పురం జిల్లాలో పాదరసం ఉన్న ఇలాంటి క్రీములు వాడినవాళ్లలో కిడ్నీ జబ్బు బయటపడి వైద్య పత్రికకెక్కింది. ఒంట్లో నీరు చేరి, మూత్రంలో ప్రోటీన్ పోతోందని వచ్చినవాళ్లను తరచి అడిగితే చివరికి తేలింది ముఖానికి రాసే క్రీము.

జుట్టు పలచబడటానికి నెలసరి ఆగడం ఒక్కటే కారణం కాకపోవచ్చు. రక్తహీనత, థైరాయిడ్ తక్కువగా పనిచేయడం కూడా మన ఆడవాళ్లలో చాలా మామూలు. బలం మాత్రలు కొనేముందు రక్తపరీక్షలు చేయించుకోండి: హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వలు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగరుతో పాటు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు), బీ12, విటమిన్ డి, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), కొలెస్ట్రాల్. బీపీ చూపించుకోవడం మర్చిపోకండి. బీ12 తక్కువైతే నీరసం, కాళ్లు తిమ్మిర్లు వస్తాయి, మనం వాటిని వయసు ఖాతాలో వేసేస్తాం. గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లలో, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో అది తగ్గుతుంది. విటమిన్ డి 60,000 యూనిట్ల గోళీలు ఎవరో చెప్పారని వారం వారం నెలల తరబడి వేసుకునేవాళ్లు ఉన్నారు. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. డాక్టరు ఎన్ని వారాలు రాస్తే అన్నే.

నోరు ఒకసారి అద్దంలో చూసుకోండి. వెనక దవడ పళ్లు పోతే బుగ్గలు లోపలికి పోయి, పెదవుల చుట్టూ గీతలు పడి పదేళ్లు మీదపడినట్టు కనబడుతుంది. ఏ క్రీమూ దాన్ని సరిచేయలేదు. నమలలేక గుగ్గిళ్లు, పల్లీలు మానేసి మెత్తటి అన్నం, జావల మీద పడటంతో ప్రోటీన్ కూడా పోతుంది. పళ్లు కట్టించుకోవడానికి ఆరు నెలలు సరిగ్గా సరిపోతుంది. డ్రిప్పుకు పెట్టే డబ్బు ఇక్కడ పెట్టండి, పెళ్లిలో నోరారా నవ్వొచ్చు.

నిద్ర గురించి మీరేమీ రాయలేదు. ఒంట్లోంచి ఆవిర్లు, చెమటలతో రాత్రి మెలకువ వస్తుంటే గైనకాలజిస్టుతో మాట్లాడండి. అరవై లోపు, నెలసరి ఆగి పదేళ్లు కానివాళ్లకు, సరిపడుతుందనుకుంటే హార్మోన్ మందులు ఇస్తారు. చిన్నగా కనబడటానికని మాత్రం అవి ఇవ్వరు, అడగకండి కూడా. ఇంకో మాట, సిగ్గుపడకుండా గుర్తుపెట్టుకోండి: నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా అదే వారం గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. పెళ్లి పనులయ్యాక చూద్దామని వాయిదా వేయకూడదు.

విజయనగరంలోని సెంచూరియన్ విశ్వవిద్యాలయంలో తొంభై దాటాక కూడా ఫిజిక్స్ పాఠాలు చెప్పిన చిలుకూరి శాంతమ్మ గారి ఫోటోలు మీరు పేపర్లో చూసే ఉంటారు. రెండు చేతికర్రలతో నడుస్తూ క్లాసుకు వెళ్లేవారు. ఆమె ముఖం నిండా ముడతలే, ఆ ఫోటో చూసి ముసలావిడ అనుకోవడానికి నాకైతే నోరు రాదు. ఇది మీకు నీతి చెప్పాలని కాదు, మీరు జుట్టుకు రంగు వేసుకోవచ్చు.

పెళ్లి నెల గురించి రెండు మాటలు. మాఘం చలికి చర్మం పొడిబారుతుంది, స్నానం కాగానే తడి ఆరకముందే కొబ్బరినూనో మాయిశ్చరైజరో రాయండి. కొత్త ఫేషియల్, కొత్త డై, కొత్త క్రీము ఏదైనా సరే చివరి పక్షం రోజుల్లో మొదటిసారి ప్రయత్నించకండి. ఎలర్జీ వస్తే దిగడానికి టైముండదు.

మీ వారికి కూడా ఆ కుర్చీ పరీక్ష పెట్టండి. 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు 14 దాటాలి. కన్యాదానానికి ఆయన కూడా మీ పక్కన పీట మీదే కూర్చోవాలి. మిమ్మల్ని ల్యాబుకు తీసుకెళ్లిన రోజునే ఆయన బీపీ, షుగరు కూడా చూపించండి. రిపోర్టులు వచ్చాక, పొడి ఎంతకాలం వాడారో కూడా కలిపి మళ్లీ రాయండి.